కాన్పుకి వెళ్లేముందు మందుల చీటీ ఎలా రాసుకోవాలి? అమ్మ వేసుకున్న మందు వల్ల బిడ్డలో ఏం గమనించాలి?

"సిస్టర్, తొమ్మిదో నెల వచ్చింది. నడుం నొప్పికి బిళ్లలు వేసుకుంటున్నా. కాన్పులో బిడ్డకేమన్నా అవుతుందా?"

గుంటూరులో కొన్నాళ్లు, విజయవాడలో కొన్నాళ్లు, మొత్తం ఇరవై ఏళ్లకు పైనే లేబర్ రూముల్లో పనిచేశాను. ఈ ప్రశ్న వినని వారం లేదు. బిళ్లలకు బదులు ఒకామెది నిద్రమాత్ర, ఇంకొకామెది ఫిట్స్ మందు, మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే ఆమెకి ఖైనీ. అడిగే తీరు మాత్రం ఒకటే. అత్తగారు కాఫీ ఫ్లాస్కు పట్టుకుని కిందికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు.

మందు పేరొక్కటే వింటే ఏ డాక్టరూ దీనికి జవాబు చెప్పలేరు. ఎంత వేసుకుంటున్నారు, ఎన్నాళ్లుగా, ఆఖరిసారి ఎన్ని గంటలకు అన్నది కూడా తెలియాలి. ఈ నాలుగు ముక్కలూ ఒక కాగితం మీద ఉంటే బిడ్డ కోసం ముందే సిద్ధంగా ఉండొచ్చు.

లేకపోతే ఏమవుతుందో ఒక బిడ్డ సంగతి చెప్తాను. మామూలు కాన్పు. పుట్టగానే గుక్కపట్టి ఏడ్చాడు. రెండో రోజు సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ లేదు. మూడో రోజు పొద్దున ఇంటికి పంపే కాగితాలు రాస్తూ చూశాను, గడ్డం కింద చర్మం ఎర్రగా గీరుకుపోయి ఉంది. దుప్పటికేసి మొహం రుద్దుకుంటూనే ఉన్నాడు. ఏడుపు సన్నగా, కీచుగా ఉంది. రొమ్ముకి పెడితే ఆత్రంగా అందుకుని, రెండు గుటకలకే వదిలేసి మళ్లీ ఏడుపు. "పాలు చాలట్లేదమ్మా, డబ్బా పాలు పట్టండి" అని పక్క మంచం వాళ్ల సలహా. ఆ తల్లి ఆరు నెలలుగా నడుం నొప్పికి ట్రమడాల్ వేసుకుంటోందని ఆ సాయంత్రం ఆడబిడ్డ చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన ఖాళీ స్ట్రిప్పు చూశాకే మాకు తెలిసింది. చేర్చుకునేటప్పుడు నేనే అడిగాను, "మందులేమన్నా వాడుతున్నావా అమ్మా" అని. "ఐరన్ బిళ్లలే" అంది. చుట్టూ ఐదుగురు నిలబడి ఉండగా అడిగాను. అది నా తప్పు. ఆ బిడ్డ కోలుకున్నాడు, కానీ ఒక పూట ఆలస్యంగా ఇంకెవరన్నా గమనించి ఉంటే అప్పటికి ఇంటికి చేరి ఉండేవాడు.

అసలు విషయం ఇంతే. కడుపులో ఉన్నంతకాలం అమ్మ రక్తంలోని మందు మాయ గుండా బిడ్డకు వెళ్తుంది, దాన్ని బయటికి పంపే పని చాలావరకు అమ్మ కాలేయం, కిడ్నీలే చూసుకుంటాయి. బొడ్డుతాడు కత్తిరించిన నిమిషం నుంచి ఆ పని బిడ్డ సొంతంగా చేసుకోవాలి. ఆ చిన్న కాలేయానికి అంత వేగం ఉండదు. అందుకే కాన్పుకి కొద్ది గంటల ముందు వేసుకున్న మత్తు మందు వల్ల బిడ్డ మందకొడిగా పుడుతుంది, ఏడవడానికీ ఊపిరి తీయడానికీ బద్ధకిస్తుంది. నెలల తరబడి వాడిన మందైతే బిడ్డ ఒళ్లు దానికి అలవాటుపడి ఉంటుంది కాబట్టి, అది అందడం ఆగిన ఒకటి రెండు రోజులకు తల్లడిల్లడం మొదలుపెడుతుంది. మొదటిది లేబర్ రూములో మా కళ్ల ముందే జరుగుతుంది. రెండోది చాలాసార్లు ఇంట్లో మీ కళ్ల ముందు జరుగుతుంది.

కావలసినవి

తెల్ల కాగితం, పెన్ను. ఇంట్లో ఉన్న మందుల స్ట్రిప్పులు, సీసాలు అన్నీ, ఖాళీవి కూడా. మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ కాగితాలు, పాత ప్రిస్క్రిప్షన్లు. ఫోటో తీసే ఫోను. మీరు నమ్మే మనిషి ఒకరు: భర్త కావచ్చు, అక్క కావచ్చు, ఆశా కార్యకర్త కావచ్చు. మీరు నొప్పుల్లో మాట్లాడలేని స్థితిలో ఉంటే ఆ చీటీ నర్సు చేతికిచ్చేది వాళ్లే. ఎనిమిదో నెల నిండేలోపు ఈ పని చేసేయండి, నొప్పులు చెప్పిన తేదీకే రావాలని లేదు.

1. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక్కచోట పోయండి

బీరువా పైన, ఫ్రిజ్ తలుపులో, హ్యాండ్‌బ్యాగు అడుగున, అన్నీ వెతికి తెచ్చి మంచం మీద పరవండి. గర్భం వచ్చినప్పటి నుంచి మీ నోట్లోకి, ఒంట్లోకి వెళ్లిన ప్రతిదీ లెక్కే. డాక్టరు రాసిచ్చినవే మందులు అనుకోవడం దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ల, దగ్గు సిరప్, ఆర్ఎంపీ వేసిన ఇంజెక్షన్, ఆయుర్వేదం చూర్ణం, కషాయం, పళ్లకు రుద్దే పొగాకు పొడి, ఖైనీ, గుట్కా, బీడీ, కల్లు, బీరు, గంజాయి, ఏదైనా సరే. "అది మందు కాదు కదా" అనుకుని వదిలేసినవే ఎక్కువగా ఇబ్బంది పెట్టాయని నా అనుభవం.

స్ట్రిప్పు చింపేసి పేరు కనపడకపోతే మిగిలిన ముక్కే దాచండి. బిళ్ల రంగు, ఆకారం చెప్తే సరిపోదు. తెల్ల గుండ్రటి బిళ్లలు వేల రకాలున్నాయి.

2. చీటీ రాయండి

నొప్పులు మొదలయ్యాక పూర్తిగా నింపిన చీటీ ఇలా ఉంటే చాలు:

బీపీ బిళ్ల లాబెటలాల్ 100 ఎంజీ. ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. ఆరో నెల నుంచి. ఆఖరిది: ఈ రాత్రి 8.30.
నిద్రమాత్ర అల్ప్రాజోలామ్ 0.25 ఎంజీ. వారంలో మూడు నాలుగు రాత్రులు. ఏడాదిగా. ఆఖరిది: మొన్న రాత్రి 11.
ఖైనీ. రోజుకు నాలుగైదు సార్లు. పెళ్లికి ముందు నుంచి. ఆఖరిది: పొద్దున 7.
నడుం నొప్పికి ఆర్ఎంపీ ఇంజెక్షన్. పేరు తెలియదు, సీసా ఫోటో ఫోనులో ఉంది. ఈ సాయంత్రం 4.
పడనివి: పెన్సిలిన్ వేస్తే దద్దుర్లు వచ్చాయి.

"ఆఖరిది" అన్నచోట ముందే రాయకండి, ఖాళీ వదలండి. నొప్పులు మొదలైనప్పుడు నింపాలి. అన్నిటికంటే ముఖ్యమైన గడి అదే. చీటీ ఫోటో తీసి ఆ నమ్మకమైన మనిషికి పంపి, అసలుది కార్డులో పెట్టండి. రాయడం రాకపోతే స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి, వేసుకునే వేళ నోటితో చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి. నేను అలాంటి రికార్డింగులు లేబర్ రూములో విన్నాను, బాగా పనికొచ్చాయి.

3. చీటీ చూపించి, ఏది మానాలో ఏది మానకూడదో డాక్టరుతోనే తేల్చుకోండి

ఈ మెట్టు దగ్గర కాస్త ఆగండి. చీటీ రాశాక చాలామంది భయపడి అన్నీ ఒక్కసారిగా మానేస్తారు. కొన్ని మందులకు అలా మానడమే వేసుకోవడం కంటే ప్రమాదం.

నొప్పి బిళ్లలు: వీటిలో రెండు వేరువేరు జాతులున్నాయి. ట్రమడాల్, టాపెంటడాల్, కోడీన్ దగ్గు సిరప్ మత్తు జాతి. ట్రమడాల్ 2018లోనే మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి వచ్చింది, అయినా "నొప్పి బిళ్లే కదా" అని తేలిగ్గా వాడేవాళ్లున్నారు. వారాల తరబడి రోజూ వేసుకుంటుంటే ఉన్నపళంగా ఆపకండి. అమ్మకు ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, నెలలు నిండకుండా నొప్పులు రావచ్చు, లోపల బిడ్డ కూడా అలసిపోతుంది. డాక్టరు దాన్ని మెల్లగా తగ్గించడమో, వేరే మందుకు మార్చడమో చేస్తారు. రెండో జాతి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి. ఇవి మత్తు ఇవ్వవు. కానీ ఏడో నెల దాటాక వేసుకుంటే బిడ్డ గుండె దగ్గర పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే ముడుచుకుపోవచ్చు, ఉమ్మనీరు తగ్గవచ్చు. వీటిని వెంటనే ఆపి డాక్టరుకి చెప్పండి. బీపీ రాకుండా డాక్టరు ఇచ్చే చిన్న ఆస్పిరిన్ ఈ లెక్కలోది కాదు, దాన్ని ఎప్పుడు ఆపాలో వాళ్లే చెప్తారు.

నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు: అల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్, డయాజెపామ్. కాన్పు దగ్గర్లో ఎక్కువ వేసుకుంటే బిడ్డ గుడ్డబొమ్మలా వాలిపోతుంది. చేయి ఎత్తి వదిలితే బిగువు లేకుండా పడిపోతుంది, పాలు చప్పరించదు, ఒళ్లు చల్లబడుతుంది. రోజూ అలవాటున్నవారు హఠాత్తుగా మానితే అమ్మకే ఫిట్స్ రావచ్చు.

డిప్రెషన్ మందులు, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి: బిడ్డ కొన్ని రోజులు కాస్త వణుకుగా, చిరాగ్గా, ఊపిరి వేగంగా ఉండొచ్చు. ఎక్కువమందిలో దానంతట అదే సర్దుకుంటుంది. "బిడ్డ కోసం" అని మానేసి, కాన్పయ్యాక మనసు కుంగిపోయి బిడ్డను ఎత్తుకోలేని స్థితికి వెళ్లిన తల్లులను చూశాను. మానకండి.

ఫిట్స్ మందులు: ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా మానకూడదు. నొప్పుల మధ్య ఫిట్స్ వస్తే అమ్మకూ బిడ్డకూ ఇద్దరికీ ఆక్సిజన్ అందదు. ఫెనిటాయిన్, ఫెనోబార్బిటోన్, కార్బమజెపిన్ వాడేవారి బిడ్డల్లో రక్తం గడ్డకట్టే గుణం తగ్గి మొదటి రోజే రక్తస్రావం కావచ్చు. పుట్టగానే తొడకి వేసే విటమిన్ కె ఇంజెక్షన్ 1 ఎంజీ అందుకే అంత ముఖ్యం. వేశారో లేదో అడిగి, కార్డులో రాయించుకోండి.

బీపీ, షుగర్ మందులు: లాబెటలాల్ వాడినా, ఇన్సులిన్ వాడినా బిడ్డకు మొదటి రోజు రక్తంలో షుగర్ పడిపోవచ్చు. మడమ దగ్గర చిన్న సూదితో గుచ్చి పరీక్ష చేస్తారు, 45 కంటే తక్కువుంటే జాగ్రత్త పడతారు. "పసిగుడ్డుని గుచ్చడం ఎందుకు" అని అడ్డుపడకండి.

రక్తం పల్చబడే ఇంజెక్షన్: పొట్టలో వేసుకునే ఎనోక్సాపారిన్ మాయ దాటి బిడ్డకు వెళ్లదు. కానీ ఆఖరి సూది వేళ తెలియకపోతే వెన్నులో మత్తు ఇంజెక్షన్ వేయలేరు. చిన్న మోతాదైతే 12 గంటలు, పెద్ద మోతాదైతే 24 గంటలు గడవాలి.

పొగాకు: నోట్లో పెట్టుకున్నా, పీల్చినా నికోటిన్ మాయలోని రక్తనాళాలను బిగిస్తుంది. ప్రతి నొప్పికీ బిడ్డకు రక్తం కాసేపు తగ్గడం మామూలే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ తట్టుకుంటుంది. నెలల తరబడి తక్కువ రక్తంతో పెరిగి, బరువు తక్కువున్న బిడ్డకు ఆ ఓపిక ఉండదు, గుండె కొట్టుకోవడం పడిపోతుంది. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. పొగాకు అలవాటుందని మాకు తెలిస్తే ఆ గుండె చప్పుడు మీద ఇంకా దగ్గరగా కన్నేసి ఉంచుతాం. పొగాకు ఏ రోజు మానినా బిడ్డకు మేలే. మానడానికి సాయం కావాలంటే 1800112356కి ఫోన్ చేయండి.

మద్యం: రోజూ తాగేవారు ఒక్కసారిగా మానితే వణుకు, ఫిట్స్ వస్తాయి, కాబట్టి ఆసుపత్రిలో తప్పక చెప్పాలి. గంజాయి విషయం కాన్పులో మత్తు ఇచ్చే డాక్టరుకి తెలియాలి, గుండె వేగం, మత్తు మోతాదు వాళ్లు చూసుకోవాలి.

డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లలేకపోతే మత్తు అలవాట్లకు 14446, మనసు బాగోకపోతే టెలీ మానస్ 14416 ఉన్నాయి. పోలీసు కేసవుతుందని భయపడే వారికి ఒక మాట: మత్తుకు అలవాటుపడినవారు తమంతట తాము గుర్తింపున్న చోట చికిత్సకు వస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది.

4. నొప్పులు మొదలయ్యాక ఇంట్లో కొత్తగా ఏదీ వేసుకోవద్దు

డాక్టరు "కాన్పు రోజు కూడా వేసుకో" అన్నవి తప్ప. నొప్పులు తట్టుకోలేక ఒక బిళ్ల, నిద్రపట్టక ఇంకో బిళ్ల వేసుకుని వస్తారు, మూడు గంటల్లో కాన్పవుతుంది, బిడ్డ మగతగా పుడుతుంది.

ఆముదం తాగితే నొప్పులు తొందరగా వస్తాయని పెద్దవాళ్లు పట్టించడం ఇంకా ఉంది. విరేచనాలతో అమ్మ నీరసించిపోతుంది. అంతకంటే భయంకరమైనది, నొప్పులు రావాలని ఇంటి దగ్గరే వేయించుకునే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్. ఆసుపత్రిలో దాన్ని సెలైన్‌లో కలిపి చుక్కల లెక్కన, బిడ్డ గుండె చూసుకుంటూ ఎక్కిస్తాం. ఒకేసారి కండకు వేస్తే వెనక్కి తీసుకోలేం. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులు వస్తే బిడ్డకు ఊపిరి తిప్పుకునే వ్యవధే ఉండదు, లోపలే మలం పోతుంది, గర్భసంచి చిట్లే ప్రమాదమూ ఉంది. ఎవరైనా ఇప్పటికే వేసి ఉంటే దాచకండి, వేసినాయన మీద కోపం తర్వాత చూసుకోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, ఖాళీ సీసా చేత్తో పట్టుకుని రండి.

5. లేబర్ రూములో ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

చేర్చుకునే నర్సుకి చీటీ ఇవ్వండి. కేస్ షీటులో రాశారో లేదో చూడండి. డ్యూటీ మారితే కొత్తగా వచ్చిన వారికి మళ్లీ చెప్పండి. గుంటూరు జీజీహెచ్ లాంటి పెద్ద ఆసుపత్రిలో ఒక రాత్రిలో ఎన్నో కాన్పులవుతాయి, రెండోసారి చెప్తే ఎవరూ విసుక్కోరు.

ఇంట్లో వాళ్ల ముందు చెప్పలేని అలవాటైతే ఒక ఉపాయం ఉంది. లోపల పరీక్ష చేసేటప్పుడు తెర వేస్తారు, బంధువులను బయటికి పంపుతారు. ఆ రెండు నిమిషాలు మీవే. "మేడమ్, ఒక మాట, బయట చెప్పకండి" అనండి, చాలు. మీరు ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నారో అడిగి రాసుకుంటాం. మత్తు జాతి బిళ్లలు చాన్నాళ్లుగా వాడుతుంటే ఆ "చాన్నాళ్లుగా" అన్న ముక్క తప్పకుండా చెప్పండి. బిడ్డ మగతగా పుడితే మత్తు విరగడానికి నలోక్సోన్ అనే ఇంజెక్షన్ ఉంది. అలవాటుపడిన బిడ్డకు దాన్ని వేస్తే ఫిట్స్ రావచ్చు. తెలిస్తే అది వేయకుండా, బ్యాగు, మాస్కుతో ఊపిరి అందిస్తారు.

తెనాలి నుంచో సత్తెనపల్లి నుంచో రెఫర్ చేస్తే, బయల్దేరే ముందు అక్కడ ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి వేశారో రెఫరల్ కాగితం మీద రాయించుకోండి. అంబులెన్స్ దిగేటప్పుడు అందరం వెతికేది ఆ వేళ కోసమే.

6. లోపల ఇచ్చే మందుల గురించి కూడా అడగండి

"ఇదేం ఇంజెక్షనండీ?" అని అడగడం మీ హక్కు. నొప్పి తగ్గడానికి పెథిడిన్ లేదా ట్రమడాల్ వేస్తే, వేసిన వేళ గుర్తుపెట్టుకోండి. ఒకటి నుంచి నాలుగు గంటల మధ్య కాన్పయితే బిడ్డ మగతగా ఉండే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్ల ఒంట్లో మూడు నాలుగు గంటల్లో సగానికి తగ్గే పెథిడిన్, పుట్టిన బిడ్డ ఒంట్లో సగం కావడానికి పదమూడు గంటలకు పైనే పడుతుంది. కాబట్టి మర్నాడు కూడా బిడ్డ పాలకు బద్ధకించవచ్చు.

వెన్నులో సన్నటి గొట్టం పెట్టి ఇచ్చే ఎపిడ్యూరల్ గురించి భయాలు ఎక్కువ. అందులోంచి బిడ్డకు చేరేది చాలా తక్కువ. అమ్మకు బీపీ పడితే బిడ్డ గుండె కాసేపు నెమ్మదిస్తుంది, సెలైన్, మందు ఇచ్చి పక్కకు తిప్పి పడుకోబెడితే సర్దుకుంటుంది. ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ వల్ల బిడ్డ కొంచెం మెత్తగా, నిద్రగా ఉండొచ్చు. అది అమ్మ ప్రాణం కాపాడే మందు, వద్దనకండి.

7. పుట్టిన మొదటి గంట

బిడ్డ ఏడ్చి, రంగు బాగుంటే అమ్మ ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టించుకోండి, మొదటి గంటలోనే రొమ్ముకి పెట్టండి. బీపీ, షుగర్ మందులు వాడిన తల్లుల బిడ్డలకు ఇది మరీ ముఖ్యం. బిడ్డను పిల్లల వార్డుకి తీసుకెళ్లి బాక్సులో పెడితే కంగారుపడకండి. చీటీ నకలు ఒకటి ఆ వార్డు నర్సుకి కూడా ఇవ్వండి. లేబర్ రూము కాగితాలు అక్కడికి చేరేసరికి ఆలస్యమవుతుంది.

8. మూడో రోజు దాటేదాకా కళ్లు తిప్పకండి

మామూలు కాన్పయితే రెండు మూడు రోజులకే ఇంటికి పంపుతారు. ట్రమడాల్, కోడీన్ లాంటివి అలవాటున్న అమ్మ బిడ్డ తల్లడిల్లడం సాధారణంగా 24 నుంచి 72 గంటల మధ్య మొదలవుతుంది. ఆ రెండు లెక్కలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. అందుకే కనీసం మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉంచమని మీరే అడగండి. మత్తు అలవాటు మాన్పించడానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్నవారైతే నాలుగు నుంచి ఏడు రోజులు. నిద్రమాత్రల ప్రభావం ఇంకా ఆలస్యంగా, వారం దాటాక కూడా బయటపడవచ్చు. మద్యమైతే పుట్టిన మొదటి రోజే.

ఇలా చూడండి:

ఊపిరి. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పొట్ట మీది గుడ్డ తీసి, ఫోనులో నిండా ఒక నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో గుణించకండి, పసిబిడ్డ ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది. 30 నుంచి 60 లోపు మామూలు. 60 దాటితే మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి, అప్పుడూ దాటితే ఆసుపత్రికి.

వణుకు. చేయి వణుకుతుంటే మెత్తగా మీ అరచేతిలో పట్టుకోండి. పట్టుకోగానే ఆగితే అది చిరాకు వణుకో, షుగర్ తగ్గిన వణుకో. ముందు పాలు పట్టండి, అదే రోజు చూపించండి. పట్టుకున్నా లోపల కొట్టుకుంటూనే ఉంటే, కళ్లు ఒక పక్కకు తిరిగితే, నోరు ఊరికే నమిలినట్టు ఆడితే అది ఫిట్స్ కావచ్చు. ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. వీలైతే పక్కవాళ్లతో వీడియో తీయించండి, డాక్టరుకి చాలా పనికొస్తుంది.

పాలు. రోజుకు ఎనిమిది సార్లకు తక్కువ కాకుండా తాగాలి. ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరు సార్లు మూత్రం పోవాలి. మగత బిడ్డను నిద్రపోతోంది కదా అని వదిలేయకూడదు. అరికాళ్లు నిమిరి, తడిగుడ్డ మార్చి, రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాలి. తల్లడిల్లే బిడ్డకు లైటు తగ్గించి, టీవీ కట్టేసి, చేతులు ఛాతీ మీదికి తెచ్చి మెత్తటి గుడ్డలో చుట్టి, కొద్దికొద్దిగా పట్టండి. చూడ్డానికొచ్చే బంధువులను వారం ఆగమనండి.

ఒళ్లు. చేతి వెనుక వైపుతో పొట్ట, తర్వాత పాదం తాకి చూడండి. రెండూ చల్లగా ఉంటే ఛాతీకి హత్తుకుని దుప్పటి కప్పి, చూపించండి. గడ్డం, మోకాళ్లు, మడమలు గీరుకుపోవడం, పదేపదే తుమ్ములు, ఆవలింతలు, నీళ్ల విరేచనాలు, ఎత్తుకున్నా ఆగని కీచు ఏడుపు, వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే చీటీ పట్టుకుని వెళ్లండి.

ఆశా కార్యకర్త ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. మూడో రోజు రాకపోతే మీరే ఫోన్ చేసి పిలవండి. బరువు తూయించండి. పుట్టిన బరువులో పదో వంతుకు మించి తగ్గితే పాలు అందట్లేదని అర్థం.

ఊపిరి ఆగుతున్నా, పెదాలు నీలంగా మారినా, లేపినా లేవకపోయినా, ఫిట్స్ అనిపించినా 108.

తరచూ జరిగే పొరపాట్లు

ఏడ్చే బిడ్డకు తేనె, చక్కెర నీళ్లు, గ్రైప్ వాటర్ పట్టడం. మగతగా ఉన్న బిడ్డ నోట్లో చెంచాతో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. "బిడ్డ ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు" అని మురిసిపోవడం. మొదటి రోజుల్లో పాలకు లేవని నిద్ర మంచిది కాదు. కీచు ఏడుపుకి పక్షిదోషం అని తాయెత్తుకో, చురకలు పెట్టే వాళ్ల దగ్గరికో తీసుకెళ్లడం. కాలిన పుండు ఒకటి మిగులుతుంది తప్ప తల్లడింపు తగ్గదు. ఈ మాట ఎన్నో ఇళ్లలో చేతులు పట్టుకుని చెప్పాను.

ఇంకొకటి, మందు వాడుతున్నానని భయపడి పాలే మానేయడం. చాలా మందులతో పాలివ్వచ్చు, ఖైనీ అలవాటున్నా పాలు మానకూడదు. ట్రమడాల్, కోడీన్, నిద్రమాత్రలు కొనసాగుతుంటే, గంజాయి అలవాటుంటే మాత్రం డాక్టరుని అడిగాకే. మద్యం తాగితే ఒక్కో పెగ్గుకు కనీసం రెండు గంటలు ఆగాలి. ఎప్పుడు తాగినా, నిద్రమాత్ర వేసుకున్నా ఆ రాత్రి బిడ్డను పక్కలో పడుకోబెట్టుకోకండి.

బిడ్డకు మార్ఫిన్ (ఇదీ మత్తు జాతి మందే) చుక్కలు మొదలుపెట్టారని వింటే గుండె ఆగినంత పనవుతుంది. తల్లడింపు ఎక్కువగా ఉన్న బిడ్డలకు అదే చికిత్స, రోజురోజుకీ కొలత తగ్గించుకుంటూ వస్తారు. నేను చెప్పిన ఆ మూడో రోజు బిడ్డకూ అదే ఇచ్చారు. వాళ్లమ్మ వార్డు బయట బెంచీ మీద కూర్చుని, మూడు గంటలకోసారి వచ్చి పాలు పట్టేది. పదకొండో రోజు ఇంటికి వెళ్లాడు.

కాన్పయ్యాక చీటీ పారేయకండి. థైరాయిడ్, ఫిట్స్, బీపీ మందుల మోతాదులు గర్భంలో పెంచి ఉంటారు, బిడ్డ పుట్టాక వాటిని మళ్లీ సరిచేయాలి. ఆరో వారం చెకప్‌కి అదే కాగితం తీసుకెళ్లండి, వెనక వైపు బిడ్డ బరువులు రాసుకోండి.